వార్తా గద్యమున శైలీస్థానము
తెలుగు టెలివిజన్ కేంద్రముల మార్పులపై ఒక పరిశీలన

గద్యశైలిని విచారించునపుడు మన విమర్శకులు సాధారణముగా రచయితను ఆధారముగా గొందురు. చిన్నయసూరి శైలి, వీరేశలింగము పంతులుగారి శైలి, గురజాడవారి శైలి అని చెప్పుట మనకు పరిపాటి. శైలి వ్యక్తిత్వమునకు ఛాయ యని భావించుటయే దీనికి కారణము. కాని గడచిన నలువది యేండ్లలో తెలుగుజనము అనుదినము విన్న గద్యమున అధికభాగము ఏ రచయిత పేరును ధరింపలేదు. అది టెలివిజన్ వార్తల గద్యము. దానిని వ్రాసినవా రెవరో వినువారికి తెలియదు. చదివినవారి ముఖము మాత్రము తెలియును. కేంద్రము పేరు తెరమూలను సర్వదా కనిపించుచుండును. అందుచేత ఆ శైలిని చదివినవారికో కేంద్రమునకో ఆరోపించుట సహజమే. ఈ ఆరోపణము ఎంతవరకు యుక్తము? కేంద్రములు చేతులు మారి, సిబ్బంది ఒకచోటినుండి వేరొకచోటికి పోయి, ఒక వ్యవస్థ రెండుగా చీలినపుడు శైలి దేనిని అంటిపెట్టుకొని యుండును? ఈ వ్యాసమున విచారింపదలచిన విషయ మిది.

ఈ ప్రశ్న కేవలము కుతూహలమునకు సంబంధించినది కాదు. ప్రసారమాధ్యమముల భాషపై పరిశోధన చేయగోరు విద్యార్థులు సాధారణముగా ఎన్నుకొను పద్ధతి యొకటి కలదు. రెండు మూడు ఛానళ్లను గ్రహించి, ఒక్కొక్క దానిలో ఇంగ్లీషు పదము లెన్ని, వ్యాకరణదోషము లెన్ని యని లెక్కించి, ఫలితమును ‘ఫలానా ఛానలు భాష’ అను శీర్షిక క్రింద చూపుట ఆ పద్ధతి. ఛానలు రచయితవంటి స్థిరవస్తు వను ఊహ దీనిలో దాగి యున్నది. ఆ ఊహ నిలువదని నా యభిప్రాయము. వార్తాశైలికి స్థానము ఛానలు పేరు కాదు. చదువువారి కంఠమును గాదు. వార్తను వ్రాయుటకును దానిని పలుకుటకును నడుమ నుండు పని యేర్పాటే దానికి ముఖ్యస్థానము. ఆ యేర్పాటు మారినచోట శైలి మారినది. అది మారనిచోట, పేరు మారినను యజమాని మారినను శైలి మారలేదు. దీనికి ఒక్క అపవాదము కలదు. దానిని ముందు జూపెదను.

మొదట ప్రభుత్వ కేంద్రమును గైకొందము. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు నడచిన ఉపగ్రహ బోధన ప్రయోగమున చేరిన ఆరు రాష్ట్రముల పల్లెలలో ఆంధ్రప్రదేశ్ పల్లెలును ఉండెను. 1976లో దూరదర్శన్ ఆకాశవాణినుండి విడివడి ప్రత్యేక సంస్థ యయ్యెను. హైదరాబాదు కేంద్రము 1977లో ఏర్పడెను. తెలుగు వార్తల బులెటిన్ మాత్రము 1983 నవంబరు 14న మొదలైనది. ఆ తొలి బులెటిన్‌ను చదివినవారు శాంతిస్వరూప్ గారు. వారు 2011లో పదవీవిరమణ చేసిరి. 2024 ఏప్రిల్‌లో దివంగతులైరి.

నాటి పని యేర్పాటు ఎట్టిదో గమనింపుడు. తొలి సంవత్సరములలో చదువువారి యెదుట టెలిప్రాంప్టరు లేదు. వ్రాతప్రతి బల్లమీద నుండెడిది. దానిని చూచి, వాక్యమును మనస్సున నిలుపుకొని, తల యెత్తి పలుకవలసి యుండెను. వార్తలలో పెక్కు ఇంగ్లీషు ప్రతులనుండి తెలుగు చేయబడినవి. రేడియో వార్తలవలన జనులకు చిరపరిచితమైన మర్యాద యొకటి మాదిరిగా నుండెను. ఈ మూడు కారణములకు మూడు ఫలితములు గలిగెను. వాక్యము ఒక చూపునకు పట్టునంత యుండెను. ‘అన్నారు, తెలిపారు, పేర్కొన్నారు, వెల్లడించారు’ అను నాలుగైదు సమాపకక్రియలతో వార్త యంతయు ముగిసెడిది. మూడవది అనువాదచ్ఛాయ. ‘కొత్త వంతెన మంత్రిగారిచే ప్రారంభించబడింది’, ‘పరిస్థితి అదుపులో ఉన్నట్లు తెలియజేయబడింది’ వంటి కర్మణి వాక్యములు దీని ఫలములు. (ఈ వ్యాసమున నుదాహరించు వాక్యములు ఏ బులెటిన్‌నుండియు గ్రహించినవి కావు, లక్షణమును జూపుటకై కూర్చిన మాదిరులు.)

ఈ శైలి శాంతిస్వరూప్ గారిదా? ఉచ్చారణమున స్పష్టత, విరామమున నిదానము, ముఖమున నిశ్చలత వారివి. ప్రేక్షకుల జ్ఞాపకమున నిలిచినవి అవియే. కాని వాక్యనిర్మాణము కార్యాలయమునకు జెందినది. దీనికి అంతకుముందటి నిదర్శన మొకటి కలదు. కొంగర జగ్గయ్యగారు చలనచిత్రములకు రాకమునుపు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారు. ఆ కంఠమును తెలుగుదేశ మంతయు ఎరుగును. వారు చిత్రసీమకు వచ్చినపుడు కంఠము వారితో వచ్చినది. రేడియో వార్తావాక్యము రాలేదు. అది ఢిల్లీలోనే, వ్రాయు బల్లవద్దనే నిలిచినది.

రెండవ దశ 1995లో ఆరంభమైనది. ఆ యేట జెమినీ, ఈటీవీ ఛానళ్లు వచ్చినవి. వార్తల విషయమున ఈటీవీకి ఒక విశేషము కలదు: దాని వెనుక 1974లో విశాఖపట్టణమున పుట్టిన ఈనాడు పత్రిక యున్నది. పత్రికకు సొంత జర్నలిజం పాఠశాల యుండెను. భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణగారు దానికి ప్రిన్సిపాలుగా నుండి తెలుగు వ్రాయుటలో పెక్కుమందికి శిక్షణ యిచ్చిరి. అజ్ఞాత రచనకు తెలుగు పత్రికలలో అప్పటికే దీర్ఘసంప్రదాయము కలదు. తాపీ ధర్మారావుగారు ‘జనవాణి’ని వ్యావహారికమున నడపిన నాటినుండి పత్రికాభాష వ్యక్తులది గాక బల్లలది యగుచు వచ్చెను. ఆ సంప్రదాయము ఇప్పుడు తెరమీది కెక్కెను. అనువాదకుని స్థానమున ఉపసంపాదకుడు కూర్చుండెను; జిల్లాలలోని విలేకరి పంపిన తెలుగు ప్రతి ముడిసరుకైనది. ఇంగ్లీషు మాతృక తొలగినందున కర్మణి వాక్యములు తగ్గినవి. ‘మంత్రి వంతెనను ప్రారంభించారు’ అను సహజవాక్యము వచ్చినది.

దీనితోపాటు పత్రిక యొక్క అలంకారములును వచ్చినవి. కృష్ణకు వరద వచ్చినచో ‘కృష్ణమ్మ పరవళ్లు’, ఎండ ముదిరినచో ‘భానుడి భగభగలు’, చలి హెచ్చినచో ‘చలిపులి పంజా’. ప్రబంధకవులకు చకోరములును చక్రవాకములును ఎట్లో, వార్తాబల్లకు ఇవి యట్లు. వీనిని కవిసమయము లనుట హాస్యోక్తి కాదు. వస్తువును చూడకయే వర్ణించుటకు వీలిచ్చు సిద్ధపదములు రెండుచోట్లను గలవు. ప్రబంధకవి చకోరమును చూడనట్లే ఉపసంపాదకుడును ఏటి యొడ్డునకు పోలేదు. అయినను ఈ బల్ల తెలుగు వార్తకు చేసిన మేలు గొప్పది. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు అనునవి మొదటి రెండు వాక్యములలో రావలె నను నియమమును అది టెలివిజన్‌కు నేర్పెను. కర్త కనబడు వాక్యము ఈ దశయొక్క లాభము.

మూడవ దశ ఇరువదినాలుగు గంటల వార్తలది. 2003 డిసెంబరులో ఈటీవీ2, 2004లో టీవీ9, 2007లో ఎన్‌టీవీ, టీవీ5, 2009లో సాక్షి టీవీ, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి వచ్చినవి. క్రొత్త కేంద్రమునకు క్రొత్తవారిని తయారుచేయు తీరిక లేదు. పూర్వకేంద్రములలో పని నేర్చినవారే క్రొత్తవానికి సిబ్బంది యైరి. ఒకే తరమువారు కేంద్రమునుండి కేంద్రమునకు తరలుచుండ, ‘ఛానలు భాష’ అను మాటకు అర్థము మరింత సన్నగిల్లెను.

కాని ఈ దశలో శైలిని మార్చినది సిబ్బంది సంచారము కాదు, లైవ్. ఇంతవరకు వ్రాతకును పలుకునకును నడుమ కొంత కాలము, ఒక కాగితము, ఒక దిద్దుచేయి ఉండెను. ఇప్పుడు విలేకరి సంఘటనాస్థలమున నిలిచి, చూచినదానిని చూచునపుడే చెప్పవలసి వచ్చెను. కాగితము పోయినది, దిద్దుచేయియు బోయినది. దీని ఫలితము తెలుగు వాక్యనిర్మాణముపై ఎట్లు పడెనో చూతము.

బల్లపై వ్రాసిన వాక్యము: ‘కూలిన వంతెన కింద చిక్కుకున్న కూలీలను సహాయక సిబ్బంది బయటికి తీసుకువస్తున్నారు.’ లైవ్‌లో పలికిన వాక్యము: ‘ఇక్కడ ఏదైతే వంతెన ఉందో, ఆ వంతెన కూలిపోవడం జరిగింది. దాని కింద ఎవరైతే కూలీలు ఉన్నారో, వారిని బయటికి తీసుకువస్తున్న పరిస్థితి కనిపిస్తోంది.’

రెండవదానిని వినగానే మనము నవ్వుదుము. దానికంటె కారణమును వెదకుట విమర్శకునకు తగిన పని. తెలుగున విశేషణవాక్యము విశేష్యమునకు ముందు వచ్చును. క్రియ చివరకు వచ్చును. ‘కూలిన వంతెన కింద చిక్కుకున్న కూలీలను’ అని ఆరంభింపవలెనన్న, నోరు తెరువకమునుపే వాక్యాంతము మనస్సున సిద్ధమై యుండవలెను. కాగిత మున్నవానికి అది సాధ్యము. కన్ను చూచుచుండగనే పలుకవలసినవానికి అది కష్టము. అతడు ముందుగా తనకు కనబడిన వస్తువును పేర్కొని, పిదప దానిని గూర్చి చెప్పగోరును. ‘ఏదైతే... ఉందో’ అను కట్టు ఆ యవకాశ మిచ్చును. ఇది హిందీనుండియో ఇంగ్లీషునుండియో వచ్చిన దోష మని కొంద రందురు. ఆ భాషల ప్రోద్బలము కొంత యుండవచ్చును. కాని ‘ఎవరు పిలిచారో వారింటికే వెళ్లు’ అను తీరు తెలుగునకు క్రొత్తది కాదు. అరుదుగా వాడవలసిన కట్టును అడుగడుగునకు వాడుటయే క్రొత్త.

‘కూలిపోవడం జరిగింది’ అనుటలోను ఇట్టి సౌకర్యమే కలదు. తెలుగు క్రియ కర్తయొక్క లింగవచనములతో అన్వయింపవలెను. ‘జరిగింది’ అనునది దేనికైనను సరిపోవును. ఎవరు చేసిరో నిశ్చయింపకయే వాక్యమును ముగింపవచ్చును. ‘పరిస్థితి కనిపిస్తోంది’ అనునది చెప్పువానికి మరియొక శ్వాస వ్యవధి యిచ్చును. ఈ మూడును అజ్ఞానచిహ్నములు కావు. కాగితము లేనివాని యూతకఱ్ఱలు.

దీనికి బలమైన నిదర్శనము ఒక్క సాయంకాలపు ప్రసారముననే దొరకును. ఒకే ఛానలులో, ఒకే వార్తపై, స్టూడియోలో చదివిన భాగము ఒక తీరున నుండును. వెంటనే లైవ్‌లో విలేకరి చెప్పిన భాగము వేరొక తీరున నుండును. మరునిమిషమున వేరొక ఛానలు పెట్టినచో ఆ లైవ్ భాష యథాతథముగా అక్కడను వినబడును. ఒక ఛానలులోని రెండు భాగముల నడుమ నున్న భేదము రెండు ఛానళ్ల లైవ్‌ల నడుమ నున్న భేదముకంటె పెద్దది. ఇక ‘ఛానలు భాష’ ఎక్కడిది?

కారణమును గ్రహించుట వేరు, గుణమును నిర్ణయించుట వేరు. లైవ్ వాక్యమును క్షమింపవచ్చును గాని మెచ్చుకొనరాదు. ‘ఇళ్లను కూల్చివేయడం జరిగింది’, ‘లాఠీచార్జి చేయడం జరిగింది’ అన్నపుడు కూల్చినవా రెవరు? కొట్టినవా రెవరు? వార్తకు ప్రథమధర్మము కర్తను జెప్పుట. ప్రభుత్వప్రతిని తెలుగు చేసిన కాలమున ‘కాల్పులు జరుపబడ్డాయి’ అను కర్మణి ప్రయోగము కర్తను మరుగుపరచెను. ఇప్పుడు తొందర ఆ పనినే చేయుచున్నది. ఒకటి భయభక్తులవలన, ఒకటి వేగమువలన, ఫలితము ఒక్కటే. సిద్ధపదములు ఎన్ని యున్నను నడిమిదశలోని పత్రికాబల్ల ఈ విషయమున రెంటికంటె మేలైనది. వార్తాభాషను దూషించువారు ఇంగ్లీషు పదములను లెక్కించుచు ఈ పెద్ద నష్టమును చూడకున్నారు. ‘బ్రిడ్జి’ యన్నందున వార్తకు హాని లేదు. బ్రిడ్జిని కూల్చిన దెవరో చెప్పనందున హాని కలదు.

ఇక యాజమాన్యము, అనుబంధములు మారినపుడు శైలి యేమగు నను ప్రశ్న. 2014లో రాష్ట్రము రెండైనపుడు కేంద్రములును రెండైనవి. దూరదర్శన్‌కు తెలంగాణమున యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి యేర్పడినవి. ఈటీవీ2 స్థానమున ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ వచ్చినవి. ఆ యేడే ఈటీవీ వ్యవస్థలోని ఇతరభాషల ఛానళ్లు నెట్‌వర్క్18 వశమై, తరువాత కలర్స్, న్యూస్18 అను పేర్లను దాల్చినవి. టీవీ9 యాజమాన్యము 2018లో మారినది. 2019లో దాని స్థాపకులలో ముఖ్యులైన రవిప్రకాశ్ గారు ఆ సంస్థనుండి వైదొలగిరి. ఇవి వ్యాపారచరిత్రలో పెద్దమార్పులు. వార్తలయందలి యెన్నికను, పక్షమును ఇవి మార్చియుండవచ్చును. కాని వాక్యమునకు సంబంధించినంతవరకు బులెటిన్ బులెటిన్‌గనే, లైవ్ లైవ్‌గనే సాగెను. రాష్ట్రము వేరైనను తెలంగాణ బులెటిన్‌యొక్క ప్రధానభాష పూర్వపు ప్రమాణభాషకు సన్నిహితముగనే నిలిచినది. బల్ల పద్ధతి మారలేదు గనుక శైలియు మారలేదు.

ఈ సంగతిని అమెరికా చరిత్రతో పోల్చిన మరింత స్పష్టమగును. అక్కడ స్థానికకేంద్రము వేరు, జాతీయవ్యవస్థ వేరు. కేంద్రము ఒడంబడికచే ఏదో యొక వ్యవస్థకు అనుబంధమై యుండును. 1993 డిసెంబరులో ఫాక్స్ సంస్థ అంతవరకు సి.బి.ఎస్. వద్ద నున్న ఫుట్‌బాల్ ప్రసారహక్కులను గెలుచుకొనెను. 1994 మే 23న న్యూ వరల్డ్ సంస్థతో ఒడంబడిక ప్రకటించి, దాని 12 కేంద్రములను తనవైపు త్రిప్పుకొనెను. డెట్రాయిట్, అట్లాంటా నగరములలో దీర్ఘకాలము సి.బి.ఎస్.తో నున్న కేంద్రములు ఆ డిసెంబరున ఫాక్స్‌వి యయ్యెను. అయినను వానిలో వార్తలు వ్రాయువారు, చదువువారు ఉన్నచోటనే యుండిరి. పైగా ఫాక్స్‌కు ఉదయకాల జాతీయ కార్యక్రమము లేనందున ఆ ఖాళీని స్థానికవార్తలే నింపినవి. సి.బి.ఎస్. మాత్రము డెట్రాయిట్‌లో 62వ నంబరు చిన్నకేంద్రమును ఆశ్రయింపవలసి వచ్చెను. అక్కడ సొంత వార్తాశాఖ పూర్తిరూపమున 2023లోగాని యేర్పడలేదు. అట్లాంటాలో 1994లో సి.బి.ఎస్.ను చేరదీసిన కేంద్రమును 2025 ఆగస్టున ఆ వ్యవస్థ విడిచిపోయెను. ఆ కేంద్రము స్వతంత్రముగా నిలిచి స్థానికవార్తలనే నమ్ముకొన్నది. వ్యవస్థ పేరు సంతకమువంటిది. ఒక పత్రమునుండి మరియొక పత్రమునకు బోవును. వార్తాబల్ల చేతివ్రాతవంటిది, వ్రాయుచేయి యున్నచోటనే యుండును.

ఇక ముందు సూచించిన అపవాదము. 2012లో ఆరంభమైన వీ6 ఛానలు ‘తీన్మార్ వార్తలు’ అను కార్యక్రమమును తెలంగాణ పలుకుబడిలో నడపెను. ‘బిత్తిరి సత్తి’ పాత్రలో రవికుమార్ గారు, ‘సావిత్రి’గా శివజ్యోతిగారు ప్రసిద్ధులైరి. 2019లో సత్తి టీవీ9కు, 2020లో సాక్షి టీవీకి తరలిపోయెను. కార్యక్రమము పేరు ప్రతిచోటను వేరు. ఇక్కడ శైలి బల్లవద్ద నిలువక మనిషివెంట నడచినది. కారణ మేమనగా, ఇది వార్తావాక్యము కాదు, పాత్రోచితభాష. కన్యాశుల్కమున గిరీశము ఏ రంగమున ప్రవేశించినను గిరీశముగనే మాటలాడునట్లు, సత్తి ఏ ఛానలులో ప్రవేశించినను సత్తిగనే మాటలాడును. కావున ఈ అపవాదము సూత్రమును చెరుపదు. దాని హద్దును జూపును.

ఈ పలుకుబడిలో కర్త దాగియుండడు. ఎవరు ఎవరి నేమి చేసిరో సూటిగా వినబడును. ఇది దాని బలము. అయితే ఆ బలము ముచ్చటకే పరిమితమై, ప్రధానబులెటిన్‌కు ప్రమాణభాషయే యోగ్య మను పాతనిర్ణయము చెక్కుచెదరక యున్నది. తెలంగాణ పలుకును వేషము లేక, నవ్వు లేక, తొమ్మిదిగంటల వార్తకు వాడిననాడుగాని దానికి వార్తాభాషగా పట్టాభిషేకము జరిగిన దనరాదు.

చివరి నిదర్శనము ఇటీవలిది. 2023 జులైలో బిగ్ టీవీ ‘మాయ’ అను యంత్రనిర్మిత యాంకర్‌ను తెరకెక్కించెను. ఆ రూపమునకు పుట్టిన యూరు లేదు, పూర్వోద్యోగము లేదు. అయినను అది పలికినది మనకు పరిచితమైన తెలుగు వార్తావాక్యమే. చదువు మనిషిని తొలగించినను శైలి మిగులు నని యంత్రమే సాక్ష్య మిచ్చినది.

దీనినిబట్టి పరిశోధకులకు ఒక పద్ధతి సూచింపదగును. వార్తావాక్యమును సేకరించునపుడు ఛానలు పేరుతోపాటు నాలుగు సంగతులు గుర్తింపవలెను: తేది, వ్రాసి చదివినదా, లైవ్‌లో చెప్పినదా, మాతృక ఏ భాషది, వ్రాతకును పలుకునకును నడుమ ఎందరి చేతులు పడినవి. ఈ నాలుగును లేని పట్టికలు ఎంత పొడవైనను శైలిని గూర్చి ఏమియు జెప్పవు.

దీనికంటె తొందరపడవలసిన పని మరియొకటి కలదు. పాతపత్రికలు గ్రంథాలయములలో శిథిలమగుచున్నను దొరకును. టెలివిజన్ వార్త పుటలు లేని గ్రంథము. కేంద్రము చేతులు మారినపుడు, శాఖలు చీలినపుడు, ఉద్యోగులు తరలినపుడు మొదట చిత్తుకాగితముల బుట్టకు బోవునవి వ్రాతప్రతులే. తొలి బులెటిన్‌ను చదివినవారు నేడు లేరు. ఆ కాలమున బల్లవద్ద కూర్చుండి తెలుగు చేసినవారు, దిద్దినవారు ఇంకను కొందరుందురు. వారి పేళ్లు ఏ తెరమీదను పడలేదు. తెలుగు శాఖలు వారిని వెదకి, వారి మాటలను, వారివద్ద మిగిలిన ప్రతులను భద్రపరుపవలెను. అట్లు చేయనిచో, ముఖములను ఎరిగి చేతులను ఎరుగని చరిత్రయే రేపటివారికి మిగులును; కర్త లేని వాక్యమును దూషించిన మనమే కర్తలు లేని సాహిత్యచరిత్రను వ్రాసినవార మగుదుము.